రెండుసార్లు పిలిచే ఇల్లు

వెస్ట్‌మీడ్‌లో మా ఫ్లాట్ల వెనక నించి రైలు స్టేషనుకి ఒక అడ్డదారి ఉండేది. ఆ సందు మధ్యలో ఒక ఖాళీ ఇల్లు. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు నించి ఎవరూ ఒంటరిగా నడిచేవాళ్ళు కాదు.

నడిచినా, నోరు మూసుకుని నడవాలి. పిలుపు వినపడితే పలకకూడదు. తల తిప్పకూడదు. మూడోసారి పిలిచేదాకా ఆగాలి...

ఈ నియమాలు పెట్టింది మనవాళ్ళే. ఇంజనీరింగులు చదివి, విమానాలెక్కి, సముద్రాలు దాటి వచ్చిన తెలుగువాళ్ళు. ఇప్పటికీ ఏదో పుట్టినరోజు పార్టీలో ఎవరో ఒకరు ఈ కథ చెప్తూనే ఉంటారు, అదీ తప్పుగా. నాకు ఈమధ్య పేర్లు జారిపోతున్నాయి. నిన్న చింతపండు అనే మాట కోసం పూటంతా వెతుక్కున్నాను. సరైన కథ నా తలలోంచి జారిపోయి, తప్పు కథ లోకంలో మిగలడానికి వీల్లేదు. అందుకే రాస్తున్నాను.

అది తొంభైతొమ్మిది, జూలై. ఇక్కడ, భూగోళం కింది సగంలో, జూలై అంటే నడి చలికాలం. సాయంత్రం టీ తాగి కప్పు కడిగేలోపే చీకటి పడిపోతుంది.

ఆ ఇల్లు సిమెంటు రేకు గోడల పాత ఇల్లు. ముందు 'అమ్ముడైంది' అన్న బోర్డు. కరెంటు తీసేశారు. ఉత్తరాల పెట్టెలోంచి కాగితాలు పొంగి వానకి నాని వేలాడుతుండేవి. పెరట్లో బట్టలారేసే ఇనుప గొడుగు గాలికి తిరిగేది — కీచు... కీచు... దాని మీద బట్టలేమీ ఉండవు, ఒట్టి తీగలే. ఆ ఇంట్లో ఉండిన తెల్లామె క్వీన్స్‌లాండ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిందని ఆమె కొడుకు వీధిలో చెప్పాడట. ఆ మాట మా ఫ్లాట్లకి చేరేసరికి ఆమె చచ్చిపోయింది. ఇంకో వారానికి ఉరేసుకుని చచ్చిపోయింది.

ఆ ఇంటి దగ్గర మొదట భయపడింది పాండురంగ. మా పైఫ్లాటులో ముగ్గురు స్నేహితులతో ఉండేవాడు. నెల్లూరు పిల్లాడు, పెళ్ళి కాలేదు. మా అల్లుడు విజయభాస్కర్ చేసే పనే అతనిదీ: రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తప్పుతాయట, అవి తప్పకుండా ముందే సరిచేయడం. ఆ రోజుల్లో మా ఫ్లాట్లలో సగంమంది అదే పని.

పాండురంగ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

రైలు దిగాడు. చేతిలో పాలడబ్బా, బ్రెడ్డు. సన్నగా తుంపర. సందులో దీపం ఒక్కటే, అదీ చివర్న. ఇంటి ముందుకొచ్చాడు. పెరట్లో ఇనుప గొడుగు తిరుగుతోంది... కీచు... కీచు...

ఆగింది.

గాలి ఆగలేదు. గొడుగు ఆగింది.

అప్పుడు పిలిచింది —

"కమిన్, లవ్... ఇట్స్ గోయింగ్ డార్క్."

లోపలికి రా తల్లీ, చీకటి పడిపోతోంది... అని. ఆడగొంతు. నిండు గొంతు. గుమ్మంలో నిలబడి పిల్లల్ని కేకేసే గొంతు. చూస్తే గుమ్మం మూసే ఉంది. అక్కడ ఎవరూ లేరు.

మళ్ళీ పిలిచింది. అదే మాట. ఈసారి కాస్త గట్టిగా.

మూడో పిలుపు కోసం ఊపిరి బిగబట్టి ఆగాడు. మూడోసారి పిలిస్తే మనిషి. దెయ్యమైతే రెండుసార్లే పిలవగలదు. ఈ సంగతి వాళ్ళ నాయనమ్మ అతనికి చెప్పింది, మా అమ్మ నాకు చెప్పింది. ఎవరో ఒకరు చెప్పకుండా తెలుగు పిల్ల పెద్దది కాదు.

ఆగాడు... ఆగాడు...

మూడో పిలుపు రాలేదు.

పాలడబ్బా అక్కడే పారేసి పరిగెత్తాడు. తిన్నగా మా ఇంటికొచ్చి పడ్డాడు. అప్పుడు మా హాల్లో విజయభాస్కర్, మా అమ్మాయి సుగుణ, ఎదురు ఫ్లాటు బాను ఉన్నారు. బానుది నంద్యాల. ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సు.

"ఏమందిరా? లవ్ అందా?" అన్నాడు విజయభాస్కర్. "పోన్లేరా, ఇన్నాళ్ళకి ఒక్క ఆడగొంతన్నా నిన్ను లవ్ అని పిలిచింది. వెనక్కెళ్ళి హారోస్కోప్ అడుగు."

"నవ్వొద్దన్నా. నా చెయ్యి చూడు, వెంట్రుకలెట్లా లేచినాయో."

"మూడోసారి పిలవలేదా?" సుగుణ గొంతు తగ్గించి అడిగింది.

"లేదక్కా. ఆగి మరీ విన్నా."

బాను అంతసేపూ చేతిలో టీ కప్పు తిప్పుతూ కూర్చుంది. "నేనూ విన్నా ఆంటీ..." అంది నాతో. "చెప్తే అందరూ నగుతారని చెప్పలా. భయానికి ఖురాన్లో ఆయతుల్ కుర్సీ చదువుకుంటా వచ్చేసినా. నాకు గూడా రెండు తూర్లే పిలిచింది."

గదిలో ఎవరూ నవ్వలేదు.

"దెయ్యమైతే చీకటి పడుతోందని దానికి బెంగెందుకు?" అన్నాను నేను. "పిల్లల్ని చీకట్లోకి పిలిచే దెయ్యాల గురించి విన్నాను గాని, చీకట్లోంచి ఇంట్లోకి రమ్మనే దెయ్యం గురించి ఎక్కడా వినలేదు. ఎవరన్నా ఒకళ్ళు వెళ్ళి తలుపు తట్టి చూడొచ్చుగా."

"అమ్మా, నువ్వూరుకో," అంది సుగుణ. "మొన్న స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయి నిద్రపోయావు. అది చాలు మాకు."

పాలకీ ఆ ఇంటికీ సంబంధమేమిటి? ఎవరూ అడగలేదు. అందరూ తలలు దించుకున్నారు, నా తరఫున సిగ్గుపడుతున్నట్టు. అప్పుడర్థమైంది నాకు. ఒక్కసారి పాలు పొంగితే చాలు. ఆ తర్వాత నేనేం చెప్పినా అది పొంగిపోయిన పాల కిందే లెక్క.

ఆ తర్వాత సందులో నడక పూర్తిగా ఆగిపోయింది. అందరూ పెద్దరోడ్డు చుట్టూ తిరిగి రావడమే. పాండురంగ స్నేహితులు పగటిపూట వెళ్ళి ఆ ఇంటి కంచెకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టొచ్చారు. అంత దూరం వెళ్ళినవాళ్ళు ఇంకో నాలుగడుగులు వేసి కిటికీలోకి చూడలేదు. చదువుకున్న పిల్లలు! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక నా సంగతి.

ఒక సాయంత్రం నేను గదిలో పడుకున్నాను. నిద్రపోయాననుకుని బయట సుగుణ భర్తతో గుసగుసగా అంటోంది — "పొద్దున మనం వెళ్ళేటప్పుడు బయట తాళం వేసి వెళ్దామండీ. గ్యాస్ కూడా ఆఫ్ చేసేద్దాం. ఆవిడ సేఫ్టీ కోసమే కదా."

"మీ అమ్మ ఒప్పుకుంటుందా?"

"చెప్పొద్దు. రెండ్రోజులైతే అదే అలవాటవుతుంది."

అలవాటు! పెంచిన కుక్కని గురించి కూడా ఇంకాస్త మర్యాదగా మాట్లాడుకుంటారు.

నేను చీరాల మనిషిని. ఐదో తరగతితో బడి మానిపిస్తే, శనగపప్పు పొట్లాల కాగితాలు చదివి చదువుకున్నాను. ఇంగ్లీషు ఇక్కడికొచ్చాక లైబ్రరీలో పిల్లల పుస్తకాలతో మొదలుపెట్టి నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. అలాంటి నన్ను తాళం వేసి లోపల పెడతారట, అది కూడా నాకు చెప్పకుండా. కోటు వేసుకున్నాను. వాళ్ళు వంటింట్లో ఉండగా తలుపు తీసుకుని బయటికొచ్చేశాను.

కోపంలో మనిషి వేగంగా నడుస్తుంది, ఎటు నడుస్తోందో చూసుకోదు. పెద్దరోడ్డు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. రోజూ తిరిగే మలుపే తిరిగాననుకున్నాను.

కాదు.

ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి. చెత్తడబ్బాలు కూడా. మా ఇంటి నంబరు గుర్తుంది, వీధి పేరు లేదు. నాలుక చివర కూడా లేదు. అసలు ఎప్పుడూ తెలియనట్టే ఉంది. చీకటి దిగిపోయింది. చలి చీరకుచ్చెళ్ళలోంచి పైకెక్కుతోంది. ఎవరినన్నా అడగొచ్చు. కాని ఏమని అడగాలి? మా ఇల్లెక్కడో చెప్పమనా? అడిగితే పోలీసులు తీసుకొచ్చి దిగబెడతారు. సుగుణ తలుపు తీస్తుంది. ఆ తర్వాత తాళమే.

ఒక సందులోకి తిరిగాను... చివర దీపం ఒక్కటే... ఎక్కడో కీచు... కీచు... మని చప్పుడు.

ఆగింది.

"కమిన్, లవ్... ఇట్స్ గోయింగ్ డార్క్."

పాండురంగ చెప్పినట్టే. నిండు గొంతు. గుమ్మంలోంచి వచ్చినట్టు.

నాకు భయం వేయలేదు. గొప్పకి చెప్పడం లేదు. దారి తప్పి, చలిలో, సొంత ఇంటి వీధి పేరు కూడా మర్చిపోయి నిలబడ్డదానికి — చీకటి పడిపోతోంది, లోపలికి రా తల్లీ — అని ఒక గొంతు వినపడింది. ఆ నెలలో నాతో అంత దయగా ఎవరూ మాట్లాడలేదు.

"వస్తున్నానమ్మా," అన్నాను. తెలుగులోనే. మొదటి పిలుపుకే.

రెండోది పిలవలేదు. అవసరం లేకపోయింది.

గేటు తీసుకుని వెళ్ళాను. ముందు తలుపు గట్టిగా బిగించి ఉంది. తట్టాను. జవాబు లేదు. గోడ పట్టుకుని, తడిగడ్డిలో కాళ్ళు జారుతూ పెరటివైపు వెళ్ళాను. వెనక తలుపుకి బయటివైపు గడియ.

తాళం కూడా కాదు. ఒట్టి గడియ! బయట నిలబడ్డ ఎవరైనా ఒక్క వేలితో జరపగలిగిన గడియ.

తీశాను. లోపల వంటిల్లు. బూజు పట్టిన బ్రెడ్డు వాసన, పాత ఉచ్చ వాసన. కిటికీలోంచి వచ్చే పలచటి వెలుగులో ఒక కుర్చీ... కుర్చీలో తెల్లగా ముద్దగా ఏదో ఉంది... దుప్పటి మడిచి పెట్టారనుకున్నాను.

దుప్పటి కళ్ళు తెరిచింది.

నా అరుపు నాకే వినపడింది. తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆ దుప్పట్లోంచి ఒక చెయ్యి మెల్లగా బయటికొచ్చింది — సన్నగా, నరాలతో — నా వైపు చాచుకుని అలాగే ఉంది. దెయ్యం చెయ్యి వణకదు. ఇది వణుకుతోంది. వెళ్ళి పట్టుకున్నాను. గంగలో ముంచి తీసినట్టు చల్లగా ఉంది, కాని మనిషి చెయ్యే.

చచ్చిపోయిందని మా ఫ్లాట్లన్నీ తేల్చేసిన తెల్లామె. నాకంటే చిన్నది.

నా కోటు తీసి ఆమెకి కప్పాను. నేలమీద మూతలు తీసిన టిన్నులు. ఒకదాంట్లో చెంచా నిలబెట్టి ఉంది.

"టీ టైమయిందా?" అని అడిగింది. గొంతు కాదది, ఎండుటాకుల గలగల. చలికి బొంగురుపోయిందనుకున్నాను. చెవి ఆమె నోటి దగ్గర పెట్టి వింటే తప్ప తెలియడం లేదు.

"మీరేనా నన్ను పిలిచింది?" అని అడిగాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

"నేను కాదు. అమ్మ." తలుపువైపు చూసి నవ్వింది. "అమ్మ రెండుసార్లే పిలుస్తుంది. మూడోసారి పిలవదు. తనే వస్తుంది."

నవ్వొచ్చింది నాకు. మా అమ్మా అంతే. రెండుసార్లు పిలిచేది, ఆ తర్వాత చీపురు పట్టుకుని వచ్చేది. ఆ మాట చెప్తే ఆమె కూడా నవ్వింది. వాళ్ళమ్మది చీపురు కాదట, తడిగుడ్డ.

పేరు ఐవీ అని చెప్పింది. సముద్రాల అవతల తను పుట్టిన దేశంలో, సాల్ఫర్డ్ అనే మిల్లుల ఊళ్ళో తన వీధి. 'ఉండేది' అనలేదు. ఉంది అనే చెప్పింది, తలుపు తీస్తే అదే వీధి ఉన్నట్టు. నేను ఆమె చేతులు రాస్తూ విన్నాను.

రెండు వరసల ఇటుక ఇళ్ళు, గోడకి గోడ అంటుకుని. ఒక వరసకి మధ్యలో పన్ను ఊడినట్టు ఖాళీ — యుద్ధంలో బాంబు పడ్డ చోటు. అక్కడే పిల్లలందరూ ఆడుకునేది. కూలిన ఇంట్లో మేడమెట్లు మాత్రం మిగిలాయట, ఎక్కితే ఆకాశమే. మిఠాయికి కూడా రేషను. గుర్రబ్బండి మీద ఒకడు పాత గుడ్డలు కొనడానికి వచ్చి, గుడ్డలకి బదులు గడప తోముకునే రాయి ఇస్తాడట. తెల్లారకుండానే వీధిలో ఆడవాళ్ళందరూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ రాయితో గడపలు తోమి అంచుకి తెల్లగీత పెడతారట. గీత పెట్టని గడపని చూసి వీధంతా మూతి తిప్పుతుందట.

నాకు తెలియని వీధి కాదది. మా చీరాల వీధిలో పాత చీరలకి గిన్నెలిచ్చేవాడు. గడపకి పసుపు రాయని ఇంటిని చూసి మూతి తిప్పే అత్తలు మాకూ ఉన్నారు. యుద్ధం రోజుల్లో గుడ్డకి రేషను మాకూ ఉంది. మగ్గాల ఊళ్ళో కట్టుకోవడానికి గుడ్డ లేదు.

"పొద్దుగూకుతుంటే," అంది ఐవీ, "దీపాలు వెలిగించే అతను కర్ర పట్టుకుని వస్తాడు. అప్పుడు తలుపులన్నీ తెరుచుకుంటాయి. అందరి అమ్మలూ పిలుస్తారు. నా అమ్మ గొంతు నాకు తెలుసు. వీధి చివరికి కూడా వినపడుతుంది." ఆగింది. చెవి రిక్కించింది. "ఇప్పుడు పిలవడం లేదు. కోపమొచ్చిందా?"

"లేదు తల్లీ. నేనొచ్చాగా, అందుకని," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి. చేతులు ఎంత రాసినా వేడెక్కడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కాని నేను బయటికి వెళ్తే, ఈ ఇల్లు మళ్ళీ నాకు దొరుకుతుందా? నాకు మా ఇల్లే దొరకలేదు. దొరికి, చెప్పినా — స్టవ్ మీద పాలు మర్చిపోయేదాని మాట — నమ్ముతారా? నేను వాళ్ళతో వాదించేలోపు ఈమె ఈ కుర్చీలోనే పోతుంది.

గేటు దాకా వెళ్ళి నిలబడ్డాను. గేటు దాటకూడదని గట్టిగా అనుకున్నాను. అప్పుడే స్టేషన్లో రైలు ఆగిన చప్పుడు. కాసేపటికి పెద్దరోడ్డు మీద, సందు మొగలో, గొడుగేసుకుని పోతున్నాడు పాండురంగ. ఆ నడక నాకు తెలుసు.

"పాండూ!" అని కేకేశాను.

ఆగాడు. ఇటు తిరిగాడు. ఆ ఇంటి గేటు దగ్గర తెల్లచీర కనపడి ఉంటుంది. బిగుసుకుపోయాడు.

"పాండూ!"

గొడుగు పారేసి పరిగెత్తడానికి తిరిగాడు.

"ఒరేయ్ పాండురంగా! మూడోసారి కూడా పిలిచాను కదరా వెధవా! ఇటు రా! లోపల మనిషి చచ్చిపోతోంది!"

తిట్టుకి ఆగాడు. దెయ్యాలు వెధవా అనవని తెలిసినట్టుంది. "ఆంటీ... మీరేనా?" అంటూ వచ్చాడు. లోపలికి తీసుకెళ్ళి చూపించాను. కుర్చీని చూశాడు, టిన్నులు చూశాడు. గోడకి ఆనుకుని కింద కూలబడ్డాడు.

"బయట గడియ ఉంది," అన్నాను. "నువ్వు మూడో పిలుపు కోసం ఆగిన చోటుకి ఎంత దూరమో చూసుకో."

"ఆంటీ, ప్లీజ్..."

"ఏడవకు. ఫోన్ చెయ్యి."

బాను పరిగెత్తుకొచ్చింది, వెనకే సుగుణ. అంబులెన్సు వచ్చింది. బాను వచ్చీరాగానే మోకాళ్ళ మీద కూర్చుని ఐవీ పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. "యా అల్లా, నేను దినామూ ఈ దారినే పోయినానే..." అని ఒకటే మాట.

అంబులెన్సు మనిషి ఐవీ కళ్ళలోకి దీపం వేసి చూస్తూ అడిగాడు. పేరేమిటి? చెప్పింది. ఇప్పుడు ఏ సంవత్సరం?

"ఫార్టీ సెవెన్," అంది ఐవీ తేలిగ్గా. "బయట మంచు చూడలేదా?"

అతను అయ్యో అన్నట్టు ముఖం పెట్టి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పాండురంగ నా పక్కనే ఉన్నాడు. అప్పుడు నాకొచ్చిన కోపం ఇప్పుడు రాస్తుంటే కూడా చేతిలోకి వస్తోంది.

"విన్నావా?" అన్నాను. "మీ మిషన్లు సంవత్సరం మర్చిపోతాయంటే లోకమంతా వణికిపోతోంది. దేశాల నించి మిమ్మల్ని పిలిపించి, రాత్రీపగలూ కూర్చోబెట్టి, వాటికి జోల పాడిస్తున్నారు. ఈమె సంవత్సరం మర్చిపోతే గడియ పెట్టారు."

అతనేం చెప్తాడు, పిల్లాడు.

స్ట్రెచర్ బయటికి తెస్తుండగా కొడుకు వచ్చాడు. పక్కవీధిలో ఎవరో ఫోన్ చేశారట. మంచి కోటు, మంచి కారు, అలిసిపోయిన ముఖం. కేకలేస్తాడనుకున్నాను. లేదు. మెల్లగా, మర్యాదగా మాట్లాడాడు. నర్సింగ్ హోములో చోటు కోసం చూస్తున్నాడట. ఇల్లు అప్పగించడానికి ఇంకా గడువు ఉందట. శనాదివారాలు వచ్చి తిండి పెట్టి వెళ్తున్నాడట. వదిలేస్తే వీధుల్లో తిరుగుతుందట.

"తలుపు వేసింది ఆమె సేఫ్టీ కోసమే," అన్నాడు.

అదే మాట. ఇంగ్లీషులో కూడా అదే మాట.

నేను సుగుణ వైపు చూశాను. సుగుణ నా వైపు చూడలేదు. నేను విన్నానని అప్పుడు తెలిసింది దానికి. పోలీసులొచ్చి ఆ కొడుకుని పక్కకి తీసుకెళ్ళారు. ఇంటికి నడుస్తుంటే సుగుణ నా చెయ్యి పట్టుకోబోయింది. నేను పట్టుకోనివ్వలేదు.

మర్నాడు బాను డ్యూటీ నించి తిన్నగా మా ఇంటికొచ్చింది. పాండురంగ అప్పటికే ఉన్నాడు, పొద్దుటి నించీ కదలకుండా. ఐవీ బాగానే ఉందట. ఒళ్ళు వేడెక్కిందట, సూపు తాగిందట. బతుకుతుందన్నారట.

"అయితే అంతా సరిపోయింది," అన్నాడు విజయభాస్కర్ నిట్టూర్చి. "పాపం, ఆవిడ లోపల్నించి పిలుస్తుంటే మనం దెయ్యం అనుకున్నాం."

బాను కూర్చోలేదు. బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఆమె కాదు సార్," అంది మెల్లగా.

"ఏంటి కాదు?"

"పాత ఫైలు తెప్పించి చూసినారు. రెండేండ్ల కింద గొంతులో గడ్డ తీసినారంట. దాంతో గొంతు పోయింది. గుసగుస తప్ప రాదు. చెవి కాడ పెడ్తే గాని మాకే ఇనపడ్లా..." నా వైపు చూసింది. "ఆమె పక్క గదిలోకి గూడా పిలవలేదు ఆంటీ. ఈదిలోకి యాడ పిలుస్తాది?"



పాండురంగ కుర్చీలోంచి లేచాడు. "మరి నాకు... నేను విన్నది..." అన్నాడు. "గట్టిగా పిలిచిందక్కా. నిండు గొంతు. నువ్వూ విన్నావు కదా బానక్కా?"

బాను తలూపింది.

పిలిచిందెవరో నాకు తెలియదు. ఊహించగలను. నా ఊహ ఇక్కడ రాయను, రాస్తే మళ్ళీ పాల సంగతి ఎత్తుతారు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ చలికాలమంతా ఐవీ కోసం మనుషుల్ని పిలిచింది ఆ గొంతు ఒక్కటే. కొడుకు పిలవలేదు, వీధి పిలవలేదు, మా ఫ్లాట్లు నిమ్మకాయలు కట్టాయి.

అందరూ వెళ్ళాక సుగుణ వచ్చి నా మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"అమ్మా... నువ్వేం విన్నావో చెప్పు," అంది. "మొదట్నించీ చెప్పు. నేను మధ్యలో మాట్లాడను."

చెప్పాను. వీధి పేరు మర్చిపోయిన సంగతితో సహా. దారి తప్పిన సంగతితో సహా. తను నా గది బయట భర్తతో ఏమన్నదో అది కూడా, మాట పోకుండా. మధ్యలో మాట్లాడలేదు. ఏడ్చింది. ఏడవనిచ్చాను.

"రేపో మాపో నేనూ సంవత్సరం తప్పు చెప్తాను సుగుణా," అన్నాను. "నిన్ను మా అమ్మ అనుకుని పిలుస్తాను. ఏ పేరుతో పిలిచినా, ఎంత చిన్నగా పిలిచినా, మొదటి పిలుపుకే పలకాలి. నా మీద గడియ పడకూడదు. మాటివ్వు."

"సరేనమ్మా," అంది, నా చీరలో ముఖం దాచుకుని.

"వినపడలేదు," అన్నాను. "గట్టిగా చెప్పు."